ఒకదానిలో ఒకటి

చిన్న యడుగు లిడుచు చేరి లోకములెల్ల
కొలిచి చూపినట్టి కూర్మితండ్రి
యణువునందు నిండి యాకాశమును మించు
వామనుండు మనకు వరము లొసగు.

కొలతకు అందని ఆ స్వామికి చేతులు జోడించి, కొలవడం నేర్చుకున్న ఒక పసిపిల్ల కథ చెబుతాను. ఇది ఒక్క వానాకాలంలో జరిగింది. మహాయుద్ధాలూ మహాత్యాగాలూ ఇందులో లేవు. కొన్ని గిన్నెలున్నాయి, కొన్ని పుల్లలున్నాయి, పడవలో పెరిగిన ఒక పిల్ల ఉంది. అయినా ఆ వానలు వెలిసేసరికి మా ఇల్లు మునుపటి ఇల్లు కాదు.

మా అల్లుడు సరుకు పడవకు సరంగు. ఏటి ఎగువ రేవు నుంచి దిగువ రేవుకు బస్తాలు చేరవేయడం అతని వృత్తి. మా అమ్మాయి కాపురమూ ఆ పడవలోనే, వాళ్ల కూతురి ఆటపాటలూ ఆ పడవలోనే. నేను పరమ శ్రద్ధతో ఎంచి పెట్టిన పేరు ఒకటి ఆ పిల్లకు ఉన్నది గాని, తాళ్ల మీదా దూలాల మీదా దాని పాకులాట చూసి తండ్రి "ఉడతా" అని పిలవడం మొదలుపెట్టాడు. నా పేరు మూలపడింది, అతని పేరు నిలబడింది.

ఏటా వరద కాలంలో పడవను మా ఊరి రేవులో కట్టివేసి, తల్లీ పిల్లా మా ఇంట్లో నాలుగు రోజులు గడిపి వెళ్లడం అలవాటు. ఆ సంవత్సరం మా అమ్మాయి గొడుగు మూయకముందే, గుమ్మంలోనే సంగతి చెప్పింది.

"నాన్నా, ఈసారి దీన్ని బళ్లో వేస్తున్నాం. చేర్చుకుంటే నేనూ ఇదీ ఇక్కడే ఉండిపోతాం. ఆయన వారం వారం వచ్చి పోతుంటారు."

"చేర్చుకోకపోతే?" అన్నది మా ఆవిడ.

"ఇంకో ఏడాది పడవే. ఇప్పటికే తోటివాళ్లకన్నా ఏడాది వెనకబడింది. ఇది కూడా పోతే, తనకన్నా బుల్లివాళ్ల మధ్య కూర్చోను పొమ్మంటుంది. దాని మొండితనం నీకు తెలీదమ్మా."

"తెలీకేం, ఎవరి పోలికో కూడా తెలుసు," అని మా ఆవిడ నా వైపు చూసింది.

దాచడమెందుకు, నా మనసులో కూడా ఆశ మొలకెత్తింది. ఆయుర్దాయమంతా పిల్లలకు పద్యం చెప్పి, బడి నుంచి విశ్రాంతి పొందిన తరువాత, వినే చెవి లేక గోడలకు పద్యాలు వినిపిస్తున్న రోజులవి. సాయంకాలం ఒక పసిగొంతు నా వెంట పాదం తరువాత పాదం పలుకుతుందన్న ఊహ నాకు అమృతంలా తోచింది.

మరునాడే ఉడతను మా వీధి చివరి బడికి తీసుకువెళ్లాను. కొత్త పిల్లలను ఒక్కొక్కరినే లోపలికి పిలిచి, మొదటి తరగతి టీచరమ్మ కాసేపు మాట్లాడి, కొన్ని వస్తువులిచ్చి చూసేది. పెద్దవాళ్లు వసారాలో బల్ల మీద కూర్చోవాలి. నేను కూర్చుని, లోపల మా పిల్ల గొంతు వినబడుతుంటే మురిసిపోతూ ఉన్నాను. ఇంతలో ఆ గొంతు ఆగిపోయింది. కొంతసేపటికి టీచరమ్మ బయటికి వచ్చింది.

"పంతులుగారూ, మీ మనవరాలు చక్కగా మాట్లాడుతోంది. రంగులన్నీ చెప్పింది. కానీ చెక్క గిన్నెలిచ్చి, చిన్నదాని నుంచి పెద్దదాని దాకా సర్దమ్మా అన్నాను. ఇంకో పిల్లాడి ముక్కు తుడిచి ఇటు తిరిగేసరికి బల్ల మీద ఒక్కటీ లేదు. ఏవమ్మా అంటే బల్ల కింద చూపించింది. కుప్పగా తోసేసింది."

"పసితనం కదమ్మా, ఆటలో పడి ఉంటుంది."

"పెద్దా చిన్నా పక్కపక్కన పెట్టి చూడటం రాకపోతే అంకెలు నోటికి వస్తాయే గాని బుర్రకెక్కవండీ. ఏది ఎక్కువ, ఏది తక్కువ అన్నది ముందు కంటికి ఆనాలి. లెక్క ఆ తరవాత." ఆమె కసరలేదు, మెత్తగానే చెప్పింది. "వానలు తగ్గాక మిగతా పిల్లల్ని చూస్తాను. అప్పుడు ఇంకోసారి తీసుకురండి. అప్పటికీ కుదరకపోతే వచ్చే ఏడాదే."

ఇంటికి వస్తూ గొడుగు కింద నేను అడుగులు చూసుకుంటూ నడిచాను. మౌనం ఉడత స్వభావానికి సరిపడదు.

"తాతా, టీచరమ్మకి కోపం వచ్చిందా?"

"కోపం కాదమ్మా. గిన్నెలు వరసగా పెట్టాలి. నువ్వు పెట్టలేదు."

"వరసంటే?"

"ఒకదాని పక్కన ఒకటి. మనం నడుస్తున్నట్టు."

"అలా పెడితే పడిపోవూ?"

తప్పించుకోవడానికి మాటలల్లుతోంది అనుకున్నాను. నవ్వుకున్నాను కూడా.

ఇక నా విద్య చూపాలని నడుం కట్టాను. పద్యంతో లొంగని పసిమనసు ఉండదని నా నమ్మకం. చిన్నా పెద్దా వరుసలను అల్లి ఒక పాట కట్టాను. "చీమకన్న ఎలుక, ఎలుకకన్న పిల్లి, పిల్లికన్న ఆవు" అంటూ అది చెట్టుమీదుగా కొండమీదుగా మబ్బుల దాకా పోతుంది. ఉడత ఒకటి రెండుసార్లు విని, తాళం తప్పకుండా అప్పజెప్పింది. నా ఛాతీ ఉప్పొంగింది.

"చూశావా?" అన్నాను మా ఆవిడతో.

"చూశాను. ఇప్పుడు ఆ గ్లాసులు వరసగా పెట్టమనండి."

వంటింట్లోంచి గ్లాసులు తెచ్చి నేల మీద పరిచాను. ఉడత ముందు కూర్చుని, పాట పాడుకుంటూనే ఒక గ్లాసులో ఇంకొకటి పడవేసి, మొత్తం దొంతరను గోడ మూలకు నెట్టి, చేతులు దులుపుకుంది. మళ్లీ పరిచాను. మళ్లీ అదే. డబ్బాలిచ్చాను. డబ్బాలూ ఒకదానిలో ఒకటి దూరి మంచం కిందికి పోయాయి.

"ఆటలు తరవాత. ముందు పని," అని కాస్త గట్టిగానే అన్నాను.

"పనే చేశాగా," అని అది మూతి ముడుచుకుని అమ్మమ్మ పక్కకు చేరింది.

"పసిదాని మీద అరవకండి," అన్నది మా ఆవిడ. "మీ పాఠం పుణ్యమా అని నా వంటిల్లు ఇన్నాళ్లకు ఖాళీగా కనిపిస్తోంది."

నా కళ్ల ముందే జరుగుతున్నది నాకు కనబడలేదు. జన్మంతా పద్యపాదాలతో గడిపినవాణ్ణి, వరుస అంటే ఎడమ నుంచి కుడికి సాగే గీతే అని నా బుద్ధిలో గట్టిపడిపోయింది. గీత కానిది నాకు గందరగోళంగానే తోచింది. రోజులు గడిచాయి. వాన పడుతూనే ఉంది. పాట పెరిగింది, మబ్బు దాటి చందమామ దాకా పోయింది. గ్లాసులు మాత్రం మూలకే పోతున్నాయి. మా అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. కాని పిల్ల బట్టలు పెట్టెలోంచి తీసి అలమరలో సర్దబోయినది, మళ్లీ పెట్టెలోనే పెట్టి మూత వేయడం చూశాను. ఆ మూత చప్పుడు నా గుండెలో పడింది.

ఆ రోజుల్లోనే ఏరు ఒడ్డును ఒరుసుకుంటూ పొంగింది. నీరు పెరిగేకొద్దీ కట్టుతాళ్లు వదులు చేస్తూ ఉండకపోతే పడవ ఒరిగిపోతుంది. అల్లుడు అక్కడి నుంచి కదలడానికి వీల్లేదు. అప్పుడే మా అమ్మాయికి జ్వరం తగిలింది. మా ఆవిడ భోజనం డబ్బాలో సర్ది నా చేతికిచ్చింది.

"నేనా? పడవలోకా?"

"మీరు వెళ్లకపోతే పడవనే ఇంటికి రమ్మని కబురు పెడతాను."

నాకు నీరంటే భయమని ఇంటిల్లిపాదికీ తెలుసు. సముద్రాలు లంఘించిన వీరుల పద్యాలను నిలబడి గొంతెత్తి చదివినవాణ్ణే గాని, అల్లుడి పడవలో అంతవరకూ అడుగుపెట్టలేదు. గట్టు నుంచి పడవకు వేసిన చెక్కపలక జానెడు వెడల్పు కూడా లేనట్టు నాకు కనిపించింది. ఉడత దాని మీద పరుగెత్తుకుంటూ పోయి అవతల నిలబడింది.

"మావయ్యగారూ, కింద చూడకండి. నా మొహం చూస్తూ రండి," అన్నాడు అల్లుడు చెయ్యి చాపి.

"నీ మొహం ఈ పలక కంటే ఎక్కువ ఊగుతోంది బాబూ."

"ఊగేది మీరేనండీ. నేను తాడు పట్టుకున్నాను."

భగవన్నామం స్మరిస్తూ దాటాను. పడవ వెనుక భాగాన వాళ్ల కాపురం ఉండే గది ఉంది. గది అనడం మర్యాద కోసం. ముగ్గురు కూర్చుంటే నాలుగోవాడు తన మోకాళ్లు ఎవరికైనా అప్పగించాలి. అయితే ఆ ఇరుకులో ఎంత పొందికో. బుట్టలో బుట్ట, పెట్టెలో పెట్టె, దుప్పటిలో చుట్టిన దుప్పటి. బయట ఒక్క వస్తువు కనిపిస్తే, దాని కడుపులో సంసారమంతా ఉంది.

"తాతకి నీళ్లియ్యమ్మా," అన్నాడు తండ్రి బయట తాళ్ల దగ్గర నుంచి.

ఉడత బల్ల కింద నుంచి ఒక పెద్ద గిన్నె లాగింది. అందులోంచి ఇంకొక గిన్నె తీసి పక్కన పెట్టింది. అందులోంచి మరొకటి. ఊగే పడవలో అవి జారకుండా కాలు అడ్డంగా చాచి, తీసినదాన్ని తీసినట్టే నేల చెక్క మీద పెట్టుకుంటూ పోయి, అన్నీ తీశాక నడిమి గిన్నె ఒకటి అందుకుని అందులో నాకు నీళ్లు పోసి ఇచ్చింది.

నేను తాగలేదు. ఆ చెక్క మీద, మా పిల్ల కాలి వెంబడి, గిన్నెలు మెట్లు దిగినట్టుగా వరుస తీరి ఉన్నాయి.

ముందు భోజనాలు కానిచ్చాను. అల్లుడు తిని, మళ్లీ తాళ్ల దగ్గరికి పోయాడు. ఉడత గిన్నెలన్నీ కడిగి కుప్పగా బోర్లించి, సర్దడానికి కూర్చుంది. ఒకటి తీసి మరొకదానిలో పెట్టి చూసేది. పట్టకపోతే పక్కన పెట్టి ఇంకొకటి అందుకునేది. చివరకు అన్నిటినీ ఇముడ్చి, రెండు చేతులతో ఎత్తి చెవి దగ్గర ఆడించింది. గలగలమన్నది.

"నాన్నా, ఒకటి తక్కువ."

"వెతుకు," అన్నాడు తండ్రి, ఇటు తిరగకుండానే.

అది నా వైపు చూసింది. నీళ్ల గిన్నె ఇంకా నా చేతిలోనే ఉంది. అది లేచి వచ్చి గిన్నె తీసుకుని, నీళ్లు పారబోసి, దొంతర విప్పి నడుమ దాని చోట దాన్ని కూర్చోబెట్టి, మళ్లీ సర్ది, చెవి దగ్గర ఆడించింది. చడీ చప్పుడూ లేదు. తృప్తిగా బల్ల కిందికి తోసింది.

"చప్పుడు చేస్తే మాకు నిద్ర ఉండదు మావయ్యగారూ," అన్నాడు అల్లుడు లోపలికి తొంగిచూసి. "పడవ ఊగినప్పుడల్లా ఒకటే గోల. అందుకే మాటలొచ్చినప్పుడే దీనికి ఈ పని అప్పజెప్పాను."

పద్యపాదంలో ఒక్క అక్షరం జారితే చదివేవాడి ముఖం చూడకుండానే నా చెవి పట్టుకుంటుంది. మా గురువుగారు అది భగవంతుడు ఇచ్చిన చెవి అనేవారు. ఆ చెవి నా మనవరాలికీ దక్కిందని నాకు ఆ పడవలో తెలిసింది.

"తల్లీ, ఆ రోజు బళ్లో గిన్నెలు కూడా ఇలాగే పెట్టావా?"

"ఊ. సర్దమంది కదా."

"మరి ఆ మాట టీచరమ్మకి చెప్పలేదేం?"

"చప్పుడు రాలేదుగా తాతా. సరిగ్గా ఉన్నట్టే కదా."

సంగతి విని అల్లుడు ముందు పకపక నవ్వాడు. తరువాత తాడు చివర చేతిలో నలుపుతూ ఉండిపోయాడు. "అంటే నేను నేర్పిందే దానికి అడ్డం వచ్చిందన్నమాట."

"అడ్డం కాదు బాబూ. దానికి పాఠం వచ్చేసింది. బయటికి తీసి పెట్టడం ఒక్కటే మిగిలింది."

తిరుగు ప్రయాణంలో ఆ పలకను ఎలా దాటానో నాకు గుర్తులేదు. తిన్నగా బడికి పోయి టీచరమ్మకు వివరించాను. ఆమె శ్రద్ధగా విన్నది.

"కుప్ప అనుకున్నాను. వంగి చూడాల్సింది," అని కాసేపు ఆలోచించింది. "ఇంత తెలివైన పిల్లని వదులుకోవాలని నాకూ లేదు పంతులుగారూ. కానీ లోకంలో అన్నీ గిన్నెలే ఉండవు కదా. ఈసారి పుల్లలిస్తాను. పుల్లలో పుల్ల దూరదు. అప్పుడేం చేస్తుందో చూడాలి. అది రాకపోతే, తరగతిలో మిగతావాళ్ల మధ్య పిల్లే ఇబ్బంది పడుతుంది."

న్యాయమైన మాట. అల్లుడు విరిగిన తెడ్డు ఒకటి చీల్చి, వేరు వేరు పొడవుల్లో నున్నగా పుల్లలు చెక్కి పంపాడు. ఉడత వాటిని తిప్పి తిప్పి చూసి నా ఒడిలో పడవేసింది.

"ఇవి ఒట్టివి తాతా. వీటికి లోపల లేదు."

నేను వాటిని ఏరి గోడ గూటిలో పెట్టాను. గ్లాసుల దగ్గర దారి తేలికైంది. "మా ఇంట్లో చోటుంది కదా, వాటిని కాసేపు గాలికి బయట నిలబెట్టు" అంటే, విప్పి వరుసగా నిలబెట్టడం ఆ సాయంకాలానికే వచ్చేసింది. పుల్లల దగ్గర మాత్రం బండి కదలలేదు. వాటిని చూస్తే చాలు, మొహం పక్కకు తిప్పేది. బయట వాన తెరిపి ఇవ్వడం మొదలుపెట్టింది. వాన వెనుకంజ వేస్తున్నకొద్దీ నాకు కాలు నిలవడం లేదు.

దారి చూపింది మా ఆవిడ శరీరం. ఆవిడ స్థూలకాయురాలు, నేను పుల్లలాంటివాణ్ణి. జ్వరం తగ్గి కోలుకుంటున్న మా అమ్మాయి మంచం మీద కూర్చుని ఉండగా, అమ్మమ్మా మనవరాలూ దాగుడుమూతలు మొదలుపెట్టారు. వెతకవలసింది మా అమ్మాయి. ఉడత పోయి అమ్మమ్మ వెనుక నక్కింది. వెంట్రుక కూడా కనిపించలేదు. తరువాత అమ్మమ్మ వంతు వచ్చింది. ఆవిడ గదంతా కలయజూసి, నా వెనుకకు వచ్చి నిలబడింది.

"అమ్మా, నువ్వు కనిపిస్తున్నావు," అన్నది మా అమ్మాయి.

"ఎంత?"

"రెండు పక్కలా. నాన్నే కనిపించడం లేదు."

ఉడత నేల మీద పడి దొర్లుతూ నవ్వింది. "అమ్మమ్మ వెనక తాత దాక్కోవచ్చు. తాత వెనక అమ్మమ్మ దాక్కోలేదు. తాత వెనక నేను దాక్కోవచ్చు." అంటూ నా వెనుకకు దూరి నిరూపించింది.

ఆ మాట పట్టుకున్నాను. గూటిలోంచి రెండు పుల్లలు తీసి నిలబెట్టాను.

"ఉడతా, ఈ రెండూ దాగుడుమూతలు ఆడుతున్నాయి. దేని వెనక ఏది దాక్కోగలదు?"

అది నవ్వు ఆపి, ఒకదాని వెనుక రెండోదాన్ని పెట్టి ఒక కన్ను మూసి చూసింది. పైన తల కనిపించింది. మార్చి పెట్టింది. ఈసారి దాగింది. "ఇది దొరకలేదు," అని దాగిన పుల్లను ఎడమ పక్క పెట్టింది. మూడోది తానే అడిగి తీసుకుంది.

అంతటితో కథ సుఖాంతమైందనుకోకండి. దొంగాట కూడా మా ఇంట్లోనే నేర్చింది. ఒక పూట మంచం ఎక్కి నిలబడి, "ఇప్పుడు అమ్మమ్మ నా వెనక దాక్కోవచ్చు" అని ప్రకటించింది.

"మంచం దిగి చెప్పు ఆ మాట," అన్నది మా ఆవిడ. "అందరూ నేల మీద నిలబడాలి. అదే ఆట."

పుల్లల చేత కూడా ఆ నియమం పాటింపజేయవలసి వచ్చింది. ఒకటి పైకీ ఒకటి కిందికీ పట్టుకుని పోల్చబోతే తారుమారయ్యేది. రెండు మూడు రోజులకు పుల్లలను పిడికిట పట్టి, అడుగులు నేలకు తాకేలా టకటక కొట్టి, "మంచం దిగండి, మంచం దిగండి" అని అదే మందలించడం మొదలుపెట్టింది. నా చందమామ పాటను మానేసి ఆ రెండు మాటలే పాడుకునేది. కవిగా నాకు చిన్నతనమే అయింది గాని, తాతగా సంతోషించాను.

వానలు తగ్గాయి. టీచరమ్మ చెప్పిన రోజు వచ్చింది. అల్లుడు రాలేదు. నీరు తీస్తోంది గనుక పడవను గట్టుకు ఎక్కించి అడుగున తారు పూయాలని వంక చెప్పాడు. "నేనొస్తే అది నా మొహం చూస్తుంది," అని నాతో విడిగా అన్నాడు. మా అమ్మాయి బడి వసారా దాకా వచ్చి, బల్ల మీద కూర్చోలేక గోడకు ఆనుకుని నిలబడింది. ఆ రోజు కిటికీ తెరిచి ఉంది. నేను కిటికీకి దగ్గరగా జరిగాను.

టీచరమ్మ పుల్లలను కలగాపులగంగా బల్ల మీద పోసింది. ఈసారి అటూ ఇటూ తిరగకుండా ఎదురుగా కూర్చుంది. ఉడత వాటిని పిడికిట పట్టి బల్లకు టకటకలాడించింది. పెదవులు కదిలాయి. ఏం మందలిస్తోందో నాకు తెలుసు. ఒకదాని వెనుక ఒకటి దాచి చూసింది. దాగినదాన్ని ఇటు, దొరికినదాన్ని అటు పెడుతూ, ఒకచోట తడబడి, రెండింటిని మళ్లీ చేతుల్లోకి తీసుకుని, తారుమారు చేసి పెట్టింది. నా వెనుక మా అమ్మాయి ఊపిరి వినబడుతోంది. వరుస నిలిచింది.

టీచరమ్మ తన దగ్గర దాచుకున్న ఇంకొక పుల్ల ఇచ్చింది. ఉడత దాన్ని చివర పెట్టబోయి, ఆగి, ఒక్కొక్కదాని వెనుక దాచి చూసుకుంటూ వచ్చి, నడుమ రెండు పుల్లలను కాస్త జరిపి అందులో ఇరికించింది.

"భేష్," అన్నది టీచరమ్మ. తరువాత వరుస మధ్యలోంచి ఒక పుల్ల తీసి, మిగిలినవాటిని చేత్తో మూసి, ఆ ఒక్కదాన్నే చూపించింది. "ఇప్పుడు చెప్పు. ఇది పెద్దదా, చిన్నదా?"

ఉడత పుల్లను చూసింది. టీచరమ్మను చూసింది. మళ్లీ పుల్లను చూసింది. నేను కిటికీ ఊచ పట్టుకున్నాను. ఇంత నేర్చిన పిల్ల, నోట ఒక్క మాట రాక ఆగిపోతుందా అనుకున్నాను. ఏదో ఒకటి చెప్పమ్మా, ఏది చెప్పినా సగం పాళ్లు నెగ్గుతావు అని మనసులో వేడుకున్నాను.

"దేనికన్నా?" అన్నది ఉడత.

టీచరమ్మ పట్టుకున్న పుల్లను కింద పెట్టింది. తరువాత మూసిన చెయ్యి తీసి, మిగిలిన పుల్లలన్నీ దాని ముందుకు నెట్టి, కిటికీ వైపు తిరిగింది.

"సోమవారం నుంచి పంపించండి పంతులుగారూ. పలక మీరు తేనక్కర్లేదు, నేనిస్తాను."

మా అమ్మాయి గోడ వదిలి బల్ల మీద కూలబడింది. ఏడుస్తోందో నవ్వుతోందో నేను చూడలేదు. నా కళ్లు కూడా చూసే స్థితిలో లేవు.

రేవుకు వెళ్లేసరికి అల్లుడు పడవ కింద వెల్లకిలా పడుకుని తారు పూస్తున్నాడు. మమ్మల్ని చూసి లేచి కూర్చున్నాడు. ఏమైందని అడగలేదు, మా అమ్మాయి ముఖం చదివాడు.

"అయితే ఇక పడవలో నా గొంతు నాకే వినిపిస్తుందన్నమాట," అన్నాడు.

"శనివారం శనివారం మా గొంతులు వినడానికి ఇంటికి రా బాబూ," అన్నాను. "నీకు వేరే గుమ్మం లేదు."

అతను తల ఊపాడు. తారు చేతులు పిల్లకు తగలకుండా మోచేతులతోనే దాన్ని దగ్గరికి తీసుకున్నాడు.

"ఏమడిగిందే మీ టీచరమ్మ?"

"పుల్లలు పెట్టమంది, పెట్టేశాను. తరవాత ఒక్క పుల్ల పట్టుకుని అది పెద్దదా చిన్నదా అని నన్నే అడిగింది నాన్నా. ఒక్కదాన్నే పట్టుకుని ఎలా తెలుస్తుంది?" అని ఉడత తండ్రి చెవి దగ్గర గొంతు తగ్గించింది. "పాపం, ఆవిడకి రాదనుకుంటా. ఎవరికీ చెప్పకు. సోమవారం వెళ్లి నేను నేర్పుతాను."

అల్లుడు బుద్ధిగా, చెప్పనని మాట ఇచ్చాడు. మళ్లీ పడవ కిందికి దూరి కుంచె అందుకున్నాడు. కొంతసేపటి దాకా చెక్క మీద కుంచె మాత్రం ఆడలేదు, అతను మోచేతితో కళ్లు ఒత్తుకుంటున్నాడు.

ఈ కథ విన్నవారి ఇళ్లలో పిల్లలు వెనుదీయక అడుగుదురు గాక. వారి ప్రశ్న వినేదాకా ఆగే ఓర్పు పెద్దలకు కలుగు గాక. నీటి మీద బతుకువారు వేళకు రేవు చేరుదురు గాక, రేవులో ఎదురుచూచువారి కళ్లు చల్లగా ఉండు గాక. విన్న మీకూ, మీ వారికీ ఆ స్వామి ఎల్లవేళలా తోడై నిలుచు గాక.